జంటకొమ్మల గర్భగౌరి

పూర్వకాలమున శేషగిరికి తూర్పున ఒక తపోవనమందు కపిలాక్షుడను వృద్ధముని నివసించుచుండెను. ఒకనాడు మేధాతిథి యను యువముని ఆయనను దర్శించి, పాదములకు మ్రొక్కి యిట్లడిగెను: "మహాత్మా! దేవుడు కొలువుండు చోటును గర్భగుడి యందురు. తల్లికడుపులో బిడ్డ కొలువుండు చోటును గర్భమే యందురు. గుడివాకిట ఇరుప్రక్కల ద్వారపాలకులు ఒక్క కొలతతో నిలుతురు. స్త్రీ దేహమందును గర్భమునకు ఇరుప్రక్కల అట్టి జంట కలదని వింటిని. లోకము మొదటి గుడికి మ్రొక్కును, రెండవదాని పేరెత్తుటకు సిగ్గుపడును. ఈ సిగ్గువలన స్త్రీలు పడు బాధలు చూచి నా మనసు నొచ్చినది. వారికి మేలు చేయు వ్రత మేదైన నున్నదా?"

కపిలాక్షుడు ఇట్లు చెప్పెను: "నాయనా, ఉన్నది. దానికి జంటకొమ్మల గర్భగౌరీ వ్రతమని పేరు. ఆ పేరు మంత్రసానులు పెట్టినది, మావంటివారు పెట్టినది కాదు. నడుమ బోర్లించిన చిన్న కుండవలె గర్భము. దాని భుజములనుండి చెట్టుకొమ్మలవలె కుడియెడమలకు చాచిన రెండు నాళములు. నాళముల కొసలయందు వ్రేళ్లవంటి కుచ్చులు. వాని చెంత బాదముగింజలంతేసి బీజకోశములు రెండు. ఒక మాసము కుడివైపునుండి, ఒక మాసము ఎడమవైపునుండి, వరుస తప్పినను, బీజము వెలువడును. ఆ రూపమును చూచి కొందరు పొట్టేలితల యందురు, కొందరు రెక్కలు చాచిన పక్షి యందురు. ఆడుశిశువు తల్లికడుపున పిండమై యున్నప్పుడే దాని గర్భము రెండు పాయలుగా పుట్టి, నడుమ కలిసి ఒక్కటగును. రెండు ఒకటగుటయే గౌరీరూపము. ఈ వ్రతమును మరచి చెడి, మరల చేసి బాగుపడిన తిప్పాంబ కథ చెప్పెదను, వినుము.

పినాకినీ నదీతీరమున మన్నేటిపాడు అను ఊరు కలదు. అందు కుమ్మరివీధిలో ఓబయ్య అనువాని భార్య తిప్పాంబ. ఆమె చేతిలో మన్ను మాట వినునని అందరును చెప్పుకొనెడివారు. ఆమె అత్త ఎర్రసాని ఊరందరికి పురుళ్లు పోసిన మంత్రసాని. ప్రతి సంవత్సరము మార్గశిర శుద్ధ విదియనాడు తిప్పాంబ ఏటిమన్నుతో గర్భగౌరిని చేసెడిది. వీధిలోని ఆడుపిల్లలు, కోడండ్రు, ముసలివారు చుట్టు కూర్చుండగా, ఎర్రసాని బొమ్మలోని ఒక్కొక్క భాగమును వ్రేలితో తాకి పేరు చెప్పి, ఎక్కడి నొప్పి మాసధర్మమో, ఎక్కడి నొప్పి రోగమో విడమరచి తెలిపెడిది. పిదప జంటదీపములు వెలిగించి, రెండు చలిమిడి ఉండలు నివేదించి, అందరును పంచుకొని తినెడివారు.

ఒక యేడు ఆ ఊరి దండనాయకుని భార్య మలయవతి, పెండ్లికుండలు కొనుటకు పల్లకిలో కుమ్మరివీధికి వచ్చెను. అరుగుపై ఆరుచున్న గర్భగౌరిని చూచి అదేమని అడిగెను. తిప్పాంబ చెప్పెను. మలయవతి పైటకొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వి, దాసీలతో, "చూసినారా! చాటున ఉండాల్సింది అరుగు మీద పెట్టినారు. వీళ్లకి సిగ్గూ శరం యాడుంటయ్యి?" అనెను. దాసీలును నవ్విరి. తిప్పాంబ ముఖము అవమానముతో కమిలిపోయెను. అంతవరకు తన చేతిపనికి పొగడ్తయే గాని, నవ్వు ఎన్నడును వినియుండలేదు.

మరుసటి యేడు విదియ దగ్గరపడగా అత్త అడిగెను: "ఏమ్మే కోడలా, ఏటిమన్ను తెచ్చినావా?"

"ఈ ఏడు వొద్దులే అత్తా. నలుగురూ నవ్వుతా ఉండారు."

"నవ్వనీ. ఆ నవ్వేవోళ్లు యాడనుంచి వొచ్చినారంట? ఆకాశం నుంచి రాలినారా?"

తిప్పాంబ కుమ్మరిసారె త్రిప్పసాగెను. ఎర్రసాని తానే మన్ను పిసికి బొమ్మ చేయబూనెను గాని, చూపానక చేయలేకపోయెను. ఆ వేసవిలోనే ఆమె కాలధర్మము చెందెను. తిప్పాంబ నెమళ్లు దిద్దిన కుండలు చేసి దండనాయకుని ఇంటికి పంపి, మెప్పు పొందెను. పదేండ్లు తిప్పాంబ యింట కలిమి పెరిగెను. వ్రతము మాట ఆ వీధిలో ఎవరును ఎత్తలేదు.

తిప్పాంబకు ముత్యాలు అను పదునెనిమిదేండ్ల కూతురుండెను; వ్రతము మానిననాటికి ఆమె చిన్నపిల్ల. ఆమెకు ఏటి ఆవలి ఊరి కుమ్మరింట సంబంధము కుదిరి, మాఘమాసమున పెండ్లి నిశ్చయమయ్యెను. అప్పటికి ఆరుమాసములుగా ఆ పిల్లకు పొత్తికడుపులో కత్తితో కోసినట్లు నొప్పి వచ్చుచుండెను. చెప్పినచో పెండ్లి ఆగునేమోయను భయము ఒకటి, ఎట్లు చెప్పవలెనో తెలియకపోవుట రెండవది. పంటిబిగువున ఓర్చుకొనెను. కార్తీకపూర్ణిమ వెళ్లిన మరునాటి ఉదయమున మట్టితట్ట ఎత్తుకొని వచ్చుచు వాకిట కూలిపోయెను.

తిప్పాంబ ఆమెను ఒడిలోనికి తీసికొని, "యాడమ్మా నొప్పి?" అని అడిగెను.

"కడుపులో."

"కడుపులో అంటే యాడ? పైనా, కిందా? ఏ పక్క?"

ముత్యాలు పెదవి కదిపెను గాని మాట రాలేదు. గోడవైపు తిరిగి పడుకొనెను. ఆ పిల్లకు చెప్పుటకు మాటలే లేవని, ఆ మాటలు నేర్పవలసినది తానేనని తిప్పాంబకు అప్పుడు తోచెను. 

ఆ వారముననే కుండలు పేర్చి ఆవము కాల్చిరి. తిప్పాంబ కూతురి మంచము విడువలేకపోయెను. ఓబయ్య ఒక్కడే మంట వేసి, మనసు మనసులో లేక, వేడి ఎక్కువ చేసెను. కుండలన్నియు పగిలిపోయెను. దండనాయకుని ఇంటివారు వేరొక ఊరి కుమ్మరులకు పని యిచ్చిరి. కూతురికి జ్వరము, ఇంట గింజల లేమి, ఒకదాని వెంట ఒకటి వచ్చెను.

అప్పుడు తిప్పాంబ వ్రతమును తలచుకొనెను. విదియ ఇంకను రాకమునుపే, తొందరపడి, చేతికందిన మన్నుతో బొమ్మను చేసెను. ఇరుగుపొరుగు చూతురని తలుపులు మూసెను. బొమ్మమీద ఎర్రగుడ్డ కప్పెను. కూతురిని లోపలిగదిలోనే ఉంచెను. పేరులేవియు చెప్పక, పెదవులు కదలీ కదలనట్లు ఏదో గొణిగి, హారతి యిచ్చెను. అట్టి పూజకు అమ్మవారు ప్రీతి చెందుట ఎట్లు? మరునాటికి పిల్ల జ్వరము మరింత పెరిగెను.

మిట్టమధ్యాహ్నము ఒక ముదుసలి, మూకుడు కొనవలెనని అరుగెక్కి వచ్చెను. లోపలికి తొంగిచూచి, "ఆ గుడ్డ కింద ఏముందమ్మా?" అని అడిగెను.

"అమ్మవారు, అవ్వా."

"ఎండ తగుల్తాదని కప్పినావా?"

"కాదవ్వా. నలుగురూ చూస్తే బాగుండదని."

ముదుసలి మూకుడు చేతిలో త్రిప్పుచు, "చూడగూడని అమ్మవారికి మొక్కి, చెప్పగూడని జబ్బుకి మందడిగితే ఎట్టమ్మా?" అనెను.

తిప్పాంబ ఆమె పాదములపై పడి, జరిగినదంతయు చెప్పి, దారి చూపుమని వేడుకొనెను. ముదుసలి వ్రతవిధానము నిట్లు తెలిపెను: విదియనాడు తలుపులు తెరచి, ఎనిమిది రేకుల ముగ్గుపై బియ్యము పోసి, అమ్మవారిని అందరికి కనబడునట్లు నిలుపవలెను. రెండు ప్రక్కలను ఒక్క శ్రద్ధతో చేయవలెను. ప్రతి భాగమునకును పేరు బిగ్గరగా చెప్పవలెను. వచ్చిన ప్రతి స్త్రీచేతను బొమ్మను తాకింపవలెను. ఇట్లు చెప్పి ఆమె వీధిమలుపు తిరిగెను. మూకుడు మరచిపోయినదని తిప్పాంబ వెంట పరుగెత్తగా, అట్టి ముదుసలిని చూచితిమని చెప్పినవారు ఒక్కరును లేరు.

తిప్పాంబ ఏటికి పోయి మన్ను తెచ్చి, జల్లించి, మూడుదినములు శ్రద్ధగా బొమ్మను చేసెను. విదియనాటి ఉదయమున చూడగా ఎడమనాళము భుజమువద్ద విరిగి పడియుండెను. విరిగిన విగ్రహము పూజకు తగదని ఆమె భయపడెను. క్రొత్తది చేసి ఆరబెట్టుటకు వేళ లేదు. ఏమిచేయుదునని కూర్చుండగా, ఎర్రసాని పురుళ్లనుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచు చెప్పిన మాట జ్ఞప్తికి వచ్చెను. ఏ మనిషికిని రెండు చేతులు, రెండు కన్నులు సరిగా ఒక్క తీరున ఉండవనియు, లోపలి జంటయు అట్టిదే యనియు, లోపమున్నంత మాత్రమున దేహమునకు పవిత్రత తరుగదనియు ఆమె చెప్పెడిది. తిప్పాంబ అడుసు కలిపి విరిగిన నాళమును అతికెను. అతుకు లావుగా కనబడుచునే యుండెను. దానిని నున్నగా చేయబోయి, చేయి వెనుకకు తీసికొనెను.

తలుపులు తెరచెను. వీధిలోని స్త్రీలందరు వచ్చిరి. ఓబయ్య లేచి పోబోగా, కూర్చుండుమని తిప్పాంబ చెప్పెను. ముత్యాలును ఇద్దరు పట్టుకొని తెచ్చి కూర్చుండబెట్టిరి. తిప్పాంబ బొమ్మను వ్రేలితో తాకి మొదటిపేరు మెల్లగా పలికెను. "ఇది గర్భసంచి. మనమందరం ఇందులోనుంచే వొచ్చినాం," అనెను. రెండవపేరు మొదలు బిగ్గరగా చెప్పెను. "ఇయ్యి నాళాలు. ఇయ్యి బీజకోశాలు, కుడిదొకటి, ఎడమదొకటి. ఇది గర్భద్వారం. ఇది యోని, బిడ్డ లోకానికి వొచ్చే తోవ." ఒక్కరును నవ్వలేదు. స్త్రీలు వరుసగా వచ్చి తాకి మ్రొక్కిరి.

ముత్యాలు వంతు రాగా, ఆ పిల్ల చాలసేపు చూచి, చేయి చాచి, ఎడమప్రక్క గింజను తాకెను. "అమ్మా, ఇదే. ఇక్కడే. ఆరు నెల్ల నుంచి."

తిప్పాంబకు దుఃఖము పొంగివచ్చెను గాని, పూజ చెడగొట్టక, హారతి ముగించి, అప్పుడే మంత్రసానిని తెమ్మని ఓబయ్యను ఏటి ఆవలికి పంపెను. ఎర్రసాని శిష్యురాలు కొండసాని వచ్చి, పరీక్షించి, ఎడమ బీజకోశమున నిమ్మకాయంత వాపు కలదనియు, చోటు తెలిసినందున మందు తెలిసినదనియు, ఇంకొక మాసము దాచియున్నచో ప్రాణము దక్కకపోవుననియు చెప్పెను. నలువదిదినములు ఆముదపు కాపడములు, కషాయములు జరిపిరి. అమ్మవారి దయవలన వాపు తీసెను. పిల్ల లేచి నడచెను. ఎడమవైపు ఇక పనిచేయునో లేదో చెప్పలేననియు, కుడివైపు చక్కగా నున్నదనియు కొండసాని తెలిపెను.

తిప్పాంబ ఆ సంగతి దాచక, వియ్యపురాలి ఇంటికి తానే పోయి చెప్పెను. ఆమె నివ్వెరపోయి, తన కొడుకును పిలిచి అడిగెను. అతడు తలవంచుకొని, తాను చేసికొనబోవునది ముత్యాలునే గాని ఆమె కడుపును కాదని పలికెను. ముత్యాలు తేరుకొనుటకై ఒక మాసము ఆగి, పెండ్లి ఫాల్గునమున జరిపిరి.

ఆ దినములలోనే మలయవతి మంచము పట్టినదని ఊరంతయు తెలిసెను. ఎందరు వైద్యులు వచ్చినను తలనొప్పి యనియే చెప్పుచున్నదని దాసీ యొకతె తిప్పాంబతో అనెను. తలనొప్పికి ఎవరును కాళ్లు ముడుచుకొని మూలుగరని తిప్పాంబకు తెలియును. వెనుకటి నవ్వు చెవిలో మ్రోగగా రెండు మారులు వాకిటిదాకా వచ్చి మరలిపోయెను. మూడవమారు బొమ్మను గంపలో పెట్టుకొని, దండనాయకుని ఇంటికి పోయెను. దాసీలను వెలుపలికి పంపించి, బొమ్మను మంచముపై నుంచి, "చెప్పొద్దులే అమ్మా. చూపెట్టు చాలు," అనెను.

మలయవతి ఆ బొమ్మను చూచి ముఖము త్రిప్పుకొనెను. తుదకు రెండు చేతులతో గర్భసంచిని పట్టుకొని, క్రిందికి జరిపి చూపెను. మూడవకాన్పు నాటినుండి గర్భము జారి, రెండేండ్లుగా కూర్చుండలేక, నిలువలేక, భర్తకు సైతము చెప్పలేక కృశించినదని తెలిసెను. కొండసాని వచ్చి, గర్భము జారకుండ లోపల ఒత్తుగుడ్డ నిలిపి, మంచము దిగవద్దని చెప్పి, మండలకాలములో ఆమెను నడిపించెను. మలయవతి తిప్పాంబ చేతులు పట్టుకొని, ఆనాటి నవ్వుకు క్షమింపుమని వేడుకొనెను. మరుసటి విదియనాడు తన ఇంటి ముంగిటనే వ్రతము చేయించి, కుమ్మరివీధి స్త్రీలను ముందువరుసలో కూర్చుండబెట్టెను. నాటినుండి తిప్పాంబ ఆవము ఎన్నడును చెడలేదు. ఆ యింట ధాన్యమునకు కొరత లేదు. ముత్యాలు పెండ్లియైన మూడవయేట ఆడుబిడ్డను కనెను."

కపిలాక్షు డిట్లు చెప్పి, వ్రతార్హులను గూర్చి ఇట్లనెను: "మేధాతిథీ! రజస్వలలైన కన్యలు, కొత్తకోడండ్రు, గర్భిణులు, బాలింతలు ఈ వ్రతము చేయవలెను. గర్భము నిలువనివారును, బిడ్డలు లేనివారును, బిడ్డలు వలదనుకొన్నవారును చేయవచ్చును; వారి దేహమును గౌరీనిలయమే. ముట్టుడిగినవారు, భర్తను కోల్పోయినవారు ముందువరుసలో కూర్చుండవలెను. తెలిసినవారు వారే కనుక. కుమారులు మన్ను తేవలెను. భర్తలు లేచిపోక వినవలెను. ఇట్లు చేసిన యింట సుఖప్రసవము, దీర్ఘాయువు, ధనధాన్యములు, అన్నిటికంటె ముఖ్యముగా భయములేని మాట కలుగును."

మేధాతిథి ఆ వ్రతమును లోకమున చాటెను.

కథ విన్నవారందరు ఇప్పుడు చలిమిడి ప్రసాదము పుచ్చుకొనుడు. ఈ యింటి పెద్దావిడ అమ్మవారి ప్రక్కన కూర్చుండును. ఎవరికి ఏ బాధ యున్నను ఒక్కొక్కరుగా వచ్చి ఆమె చెవిలో చెప్పుడు. ఆఖరి మాట వినువరకు ఈ జంటదీపములలో నూనె పోయుచునే యుండవలెను.