సింగయ్య వంతు

మా మాస్టారు డాక్టర్ అనంతపద్మనాభం గారికి ఒక అలవాటు ఉండేది. పుస్తకంలో జవాబు దొరికే ప్రశ్న అడిగితే ఆ పుస్తకం పేరు చెప్పి పంపేసేవారు. దొరకని ప్రశ్న అడిగితే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. కళ్లజోడు తీశారంటే ఆ పూట రౌండ్లు ఆలస్యమేనని మాకు తెలుసు.

ఒకరోజు ఫణీంద్ర చిరాకుగా వచ్చాడు. మాలో అందరికంటే తెలివైనవాడు, ఆ సంగతి మాకంటే అతనికే బాగా తెలుసు. కాలేయం చెడినవాళ్లకు తాగుడు మానమని గట్టిగా చెబుతుంటే, వాళ్లు తలూపి వెళ్లి మళ్లీ ఆస్పత్రి ముఖమే చూడటం లేదట.

"మాస్టారూ, మద్యం ఒక రసాయనం. ఒంట్లోకి వెళ్తుంది, కాలేయం దాన్ని విడగొడుతుంది, అంతే కదా! మరి పెళ్లికీ, చావుకీ, జాతరకీ దీన్ని పీట వేసి కూర్చోబెట్టడం ఏమిటి?"

మాస్టారు కళ్లజోడు తీశారు.

"నా మొదటి ఉద్యోగం ఏజెన్సీ కొండల్లో. సింగయ్య అని ఒక రోగి. కామెర్లు ముదిరి, పొట్టనిండా నీరు పట్టి, నలభై రోజులు నా దగ్గర పడుకుని బతికాడు. పంపేటప్పుడు చెప్పాను: 'మళ్లీ చుక్క ముట్టుకుంటే నన్ను పిలవకు, మోసేందుకు నలుగురిని పిలుచుకో' అని. మూడేళ్లు ముట్టుకోలేదు. అంత మొండిమనిషి.

"అతని కూతురు సారక్క, అదే ఊరి జోగయ్య కొడుకు ఒకరినొకరు ఇష్టపడ్డారు. తండ్రులిద్దరికీ గట్టు మీద కల్లు గీసే జీలుగు చెట్టు దగ్గర తగవు వచ్చి, పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఆ ఊళ్లో తగవు తీరాలంటే ఒకటే దారి. ఒకే ఆకుదొప్పలో కల్లు పోస్తారు. ఊరి ముందు ఇద్దరూ చెరిసగం తాగాలి. తాగితేనే మాట ఇచ్చినట్టు, అప్పుడే పెళ్లి. సింగయ్య నన్ను వెంట రమ్మన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"దొప్ప నిండింది. నేనుండబట్టలేక లేచాను. అప్పుడు నేను అచ్చం నీలాగే ఉండేవాణ్ణి ఫణీంద్రా. 'కల్లు బదులు మంచినీళ్లు పోయండి, ఏం తేడా?' అన్నాను. కోపం వచ్చింది సింగయ్యకే. 'నీళ్లు ఎడ్లు గూడా తాగుతయి బాబూ. ఇది నా బిడ్డ పెండ్లి మాట' అని దొప్ప ఎత్తాడు.

"అది పెదవుల దాకా వెళ్లింది. సారక్క గుడిసె నిట్రాడ పట్టుకుని నిలబడిపోయింది. నలభై రోజుల నా కష్టం నా కళ్ల ముందే గొంతు దిగబోతోంది. అప్పుడు జోగయ్య ఒక్క అంగలో వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"'తాగితే సస్తవ్. నీ పిల్లను అడగనీకి వచ్చిన, నీ పాడె మొయ్యనీకి కాదు' అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ మనిషి పేరు కూడా పలకనివాడు, ఎదురుగా కింద కూర్చుని, మొహం పైకెత్తి, 'నీ వంతు నాకు తాపు బావా' అన్నాడు.

"సింగయ్య పసివాడికి పట్టుకున్నట్టు జోగయ్య గడ్డం కింద చెయ్యి పెట్టి, దొప్పలో కల్లంతా మెల్లగా అతని నోట్లో పోశాడు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. ఊరి పెద్ద ఆలోచించి, 'సింగయ్యా, నీ వంతు అందిందా?' అని అడిగాడు. సింగయ్య తడిలేని తన మీసాన్ని ముంజేత్తో తుడుచుకుని, తల ఎత్తి, 'అందింది' అన్నాడు. ఊరంతా ఒప్పుకుంది.

"నాకు చాలాచోట్ల శాలువాలు కప్పారు. ఆ పూట, ఆ మనిషి నా రోగి అని ఆ గుంపులో నిలబడి అనుకున్నప్పుడు పొంగినంతగా నా ఛాతీ ఇంకెప్పుడూ పొంగలేదు. అందులో నేను చేసిందేమైనా ఉందా అంటే, అడ్డం పడటమే."

అయినా ఫణీంద్ర పట్టు వదల్లేదు.

"మరి శాస్త్రం ప్రకారం సింగయ్య ఆ రోజు తాగినట్టా, తాగనట్టా?"

మాస్టారు వార్డు వైపు నడుస్తూ అన్నారు:

"ఎంత తాగుతావని రోగిని అడగడం నీకు నేర్పాను. ఎవరితో తాగుతావని అడగడం నేర్పలేదు. ఆ తప్పు నాదే."