వంకర మెడ అవ్వ, దొంగ పిల్లి

అనగనగా, పిల్లలతో పాటు బొమ్మలు కూడా దసరాకి ముస్తాబయ్యే రోజుల్లో, రత్నగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఒక చక్కని ఆనవాయితీ. దసరా దగ్గర పడుతోందంటే చాలు, బడిపిల్లలందరూ తలా ఒక మట్టిబొమ్మ చేయాలి. దాన్ని కోటలో బొమ్మల కొలువుకు తీసుకెళ్ళాలి. పై మెట్ల మీద దేవుళ్ళూ రాజులూ పెళ్ళివారూ కొలువుదీరితే, అన్నిటికన్నా కింది మెట్టు పిల్లలది.

ఆ మెట్టు ముందు రాజమాత పీట వేసుకుని కూర్చునేవారు. ఒక్కొక్క బొమ్మనూ చేతిలోకి తీసుకుని, అది ఏం చేస్తోందని అడిగేవారు. చేసిన పిల్లలు చెప్పేవారు. ఆవిడకు బాగా నచ్చిన బొమ్మ, పండగయ్యాక పాత చీర ముక్కలో చుట్టుకుని కోటలోని బొమ్మల పెట్టెలో చేరేది. అందులో చేరిందంటే ఇక ఏటేటా దసరాకి బయటికొచ్చి మెట్టెక్కి కూర్చోవడమే.

ఆ పెట్టె మీద కామాక్షికి మనసు పడింది. కామాక్షి రాజశిల్పి సోమలింగాచారి కూతురు. అప్పుడప్పుడే గుణింతాలు దిద్దుతున్న పిల్ల. బడిలో పంతులుగారు అందరికీ మట్టి పంచి, ఎవరి బొమ్మ వాళ్ళే చేసుకోవాలని మరీ మరీ చెప్పి పంపారు. కామాక్షి ఆ మట్టిని పరికిణీలో మూటకట్టుకుని పరుగున ఇంటికొచ్చింది. ఏం చేయాలో దారిలోనే తేల్చేసుకుంది.

ఇంట్లో అవ్వ రోజూ పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని అట్లు పోస్తుంది. వెనకనుంచి చప్పుడు కాకుండా పిల్లి వస్తుంది. అవ్వ చెయ్యి పెనం మీదే ఉంటుంది, మెడ మాత్రం పిల్లి వైపు తిరిగి ఉంటుంది. కామాక్షి చేసిన బొమ్మ అదే. సాయంత్రానికల్లా అవ్వ తయారు, పెనం తయారు, వెనక నక్కిన పిల్లి కూడా తయారు. పిల్లి కొంచెం గుమ్మడికాయలా వచ్చింది గానీ, తోక ఉంది కాబట్టి ఫరవాలేదనుకుంది.

సోమలింగాచారి చెయ్యి తగిలితే రాయి కూడా మాట వింటుందని దేశమంతా చెప్పుకునేవారు. కూతురంటే ఆయనకు ప్రాణం. కానీ వంకర అన్నది కంటపడితే ఊరుకోలేడు. పొరుగింటి గోడ మీద పిడక పక్కకు జరిగి ఉన్నా, వెళ్ళి సర్ది వచ్చే రకం. ఆయన కూతురి బొమ్మను చూసి మురిసిపోయాడు. ఆ తరువాత అవ్వ మెడ చూశాడు.

మెడ ఒక్కటీ సరిచేస్తానమ్మా అంటూ, సన్నని వెదురు పుల్ల అందుకుని, అవ్వ మెడను తిన్నగా నిలబెట్టాడు. ఇప్పుడు అవ్వ ఎదురుగా గోడను చూస్తోంది.

"మరి పిల్లిని ఎవరు చూస్తారు నాన్నా?" అంది కామాక్షి.

అప్పటికే ఆచారి అవ్వ చెవులు దిద్దడంలో మునిగిపోయాడు. ఆ మాట ఆయన చెవిన పడలేదు.

రెండో రోజు ఆయన చూపు పిల్లి మీద పడింది. ఇంత లావు పిల్లి వల్ల బొమ్మ అందం పోతోందని, దాన్ని ఊడదీసి చెత్తబుట్ట పక్కన పెట్టాడు. కామాక్షి పిల్లిని తెచ్చుకుని పరికిణీ అంచులో ముడి వేసుకుంది. ఆ రోజు మట్టి ముట్టుకోవాలని ఆ పిల్లకు అనిపించలేదు.

మూడో రోజు ఆచారికి మరో దిగులు పట్టుకుంది. రాజశిల్పి కూతురు అట్లు పోసే ముసలమ్మను చేసి తెస్తే కోటలో నలుగురూ ఏమనుకుంటారు? అంతే, అవ్వ మీద నీళ్ళు చల్లి మళ్ళీ మట్టిముద్ద చేసేశాడు. దానికి మెత్తని ఒండ్రుమట్టి కలిపి సరస్వతీదేవిని నిలబెట్టాడు. వీణకు తీగలు, ముక్కుకు ముక్కెర, చీర అంచు నిండా హంసలు. చూసిన కన్ను తిప్పుకోలేని బొమ్మ అది, అందులో సందేహం లేదు.

"నీ బొమ్మ ఎలా ఉందమ్మా?" అని ముచ్చటగా అడిగాడు.

చాలా బాగుందని చెప్పి కామాక్షి వీధిలోకి వెళ్ళిపోయింది. అరుగు చాటున కూర్చుని కాసేపు ఏడ్చింది. అవ్వ ఇక ఆ పెట్టెలోకి చేరదని ఆ పిల్లకు బెంగ.

సరస్వతి ఆరి, రంగులు వేసుకునేసరికి పండగ వచ్చేసింది. కొలువు గదిలోకి మగవాళ్ళు వెళ్ళే అలవాటు లేదు. కానీ ఆచారి, బొమ్మ బరువుగా ఉంది, పిల్ల మోయలేదని చెప్పి తానే ఎత్తుకుని లోపలికి వచ్చేశాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? మెట్ల మీది పాత బొమ్మలన్నిటినీ పరకాయించి చూశాడు. ఒక మూల, పక్కకు ఒరిగి, చెవులు కూడా లేని ఏనుగు ఒకటి కనిపించింది.

"అమ్మగారూ, ఈ వంకాయకు తొండం ఎవరు పెట్టారు? సెలవిస్తే దీన్ని తీసేసి మంచి ఏనుగును చేసిస్తాను."

రాజమాత నవ్వి, ఉండనీ, తరువాత చూద్దాం అన్నారు.

పిల్లలు ఒక్కొక్కరూ ముందుకొచ్చారు. కుమ్మరి వీధి పిల్లవాడు చేసిన బండికి ఒకటే ఎద్దు. రెండోదానికి జ్వరమొచ్చి ఇంటి దగ్గర పడుకుందట. గది గదంతా నవ్వింది. చివరికి కామాక్షి వంతు వచ్చింది.

రాజమాత సరస్వతిని రెండు చేతులా అందుకున్నారు. ఇంత అందమైన బొమ్మ ఈ మెట్టు మీదికి ఎన్నడూ రాలేదన్నారు. ఆచారి ముఖం వెలిగిపోయింది.

"నీ బొమ్మ ఏం చేస్తోంది తల్లీ?"

కామాక్షి బొమ్మ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఆచారి దూరం నుంచి వేళ్ళు కదుపుతూ వీణ వాయిస్తున్నట్టు సైగ చేస్తున్నాడు. ఒక్క అబద్ధంతో పెట్టె మూత తెరుచుకుంటుంది.

"నాకు తెలీదండి. మా నాన్నను అడగండి" అంది కామాక్షి.

ఆచారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రాజమాత కోప్పడలేదు. పిల్లను దగ్గరకు తీసుకుని, మరి నీ బొమ్మ ఏదమ్మా అని అడిగారు.

కామాక్షి పరికిణీ అంచు ముడి విప్పింది. తోక కొస విరిగిన గుమ్మడికాయ పిల్లి బయటికొచ్చింది.

"ఇది అట్లు దొంగిలించడానికి వచ్చిందండి. అవ్వ మెడ తిప్పి చూస్తోందని ముందు భయపడింది. తరువాత అవ్వ మెడ తిన్నగా అయిపోయింది. ఆ తరువాత అవ్వ సరస్వతీదేవి అయిపోయింది. ఇప్పుడు అట్లన్నీ దీనివే."

రాజమాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. పేరంటాళ్ళు నవ్వారు, పిల్లలు నవ్వారు. ఆచారి ఒక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. రాజమాత లేచి వెళ్ళి, మూలనున్న ఏనుగును తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"సోమలింగం, ఈ వంకాయ నీదేనయ్యా. నీకు అప్పుడు ఈ పిల్ల ఈడే. ఈ ఏనుగు చెరుకు ఎక్కువ తినేసి కడుపునొప్పితో పడుకుందని చెప్పి నన్ను ఎంత నవ్వించావో. మీ నాన్న కూడా రాజశిల్పే. ఆయన దీనికి చెవులైనా పెట్టలేదు. నేను నవ్వానని మర్నాడే ఇంకో బొమ్మ చేసి తెచ్చావు. ఇక ఆ చెయ్యి ఆగింది ఎక్కడ?"

ఆచారి ఏనుగును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏనుగు పొట్ట మీద చిన్న బొటనవేలి గుర్తు ఒకటి ఉంది. అందులో తన వేలు పెట్టి చూశాడు, పట్టలేదు. కామాక్షిని పిలిచి ఆ పిల్ల వేలు పెట్టించాడు. అది చక్కగా సరిపోయింది. ఆయన కళ్ళు చెమర్చాయి.

వెంటనే కోట తోటలోంచి మట్టి తెప్పించాడు. కామాక్షి అక్కడే చతికిలబడి అవ్వను మళ్ళీ చేసింది. ఆచారి నీళ్ళు అందించాడు. మధ్యలో రెండుసార్లు చెయ్యి ముందుకు పోబోతే, చంకలో పెట్టుకుని గట్టిగా అదిమిపట్టాడు. అవ్వ మెడ ఈసారి మునుపటికన్నా వంకరగా తిరిగింది. మెడ ఇంకాస్త తిరిగితే పిల్లి బాగా కనిపిస్తుందేమోనమ్మా అన్నాడు ఆచారి, బుద్ధి తెచ్చుకుని.

సరస్వతిని రాజమాత పై మెట్టు ఎక్కించారు. పెద్దవాళ్ళు చేసిన బొమ్మకు పెద్ద మెట్టే తగినదన్నారు. అవ్వా పిల్లీ కింది మెట్టు మీద కూర్చుని పండగంతా ఒకదాన్నొకటి చూసుకున్నాయి. విజయదశమి వెళ్ళాక ఆ రెండింటినీ ఒకే చీర ముక్కలో చుట్టి, వంకాయ ఏనుగు పక్కనే పెట్టెలో పడుకోబెట్టారు. ఇప్పటికీ రత్నగిరిలో దసరా వస్తే ఆ మూడూ కళ్ళు నులుముకుంటూ మెట్టెక్కుతాయట.

పిల్లల పనిని పెద్దలు ఎంత అందంగా చేసిపెట్టినా అది పెద్దల పనే అవుతుంది. వంకరగా వచ్చినా తమ చేత్తో చేసుకున్నదే పిల్లలకు విద్య, అదే వారికి ఆనందం.