అయ్య పేరున ఆఖరి ముద్ద

శ్రీకాకుళం తీరాన ఒక మత్స్యకారుల పల్లెలో నూకరత్నం అనే ఇల్లాలు ఉండేది; కూతురు అన్నం చాలంటే ఆ మాట ఆమె చెవికెక్కేది కాదు. భర్త ఎర్రయ్య గుజరాత్ తీరానికి వలస వెళ్ళి వేట బోటు మీద పనిచేసేవాడు. ఒంటరిగా పెంచుతున్న పిల్ల బొద్దుగా కనబడితేనే ఆమెకు గుండె నిబ్బరం.

ఆరేళ్ళ పైడితల్లికి రోజూ అన్నం కలిపి, ముద్దకొక పేరు పెట్టి తినిపించేది. ఇది అమ్మమ్మది, ఇది మామది అంటూ చుట్టాలందరినీ పిలిచేది. కడుపు నిండి పిల్ల మూతి తిప్పుకుంటే, "ఇది మీ అయ్య ముద్ద. వదిలీకూడదమ్మీ, ఆయన సముద్రం మీద ఉన్నాడు" అనేది. పైడితల్లి నోరు తెరిచేది. ఆ ఆఖరి ముద్ద ఎప్పుడూ ఒక్కటే ఉండేది కాదు.

ఒకనాడు గుజరాత్ వైపు సముద్రంలో తుఫాను లేచిందని కబురొచ్చింది. ఎర్రయ్య ఫోను పలకలేదు. నూకరత్నానికి దిక్కుతోచలేదు. చేపల పులుసు కాచి, అన్నం కలిపి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆ పూట అన్నీ అయ్య ముద్దలే. పైడితల్లి కన్నీళ్ళతో మింగింది. కాసేపటికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయి, తిన్నదంతా కక్కి సోలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లను చూసి, ఆకలికి మించి పెట్టడం వల్లే ఇలా అయిందని, వయసుకు మించిన బరువు కూడా అందుకేనని గట్టిగా మందలించింది. నూకరత్నం కూతురి తల నిమురుతూ, కడుపు నిండాక ఎందుకు తిన్నావని అడిగింది.

"వదిలీస్తే అయ్య బోటు ములిగిపోతాదేమోనని" అంది పైడితల్లి.

తన భయాన్నే ఇన్నాళ్ళూ అన్నంలో కలిపి పెట్టానని నూకరత్నానికి అప్పుడు తెలిసింది.

"నువ్వు తిన్నా మానినా అయ్య బోటుకేమీ కాదు తల్లీ. నేనే తప్పు చెప్పినాను" అంది.

మర్నాటికీ ఎర్రయ్య కబురు తెలియలేదు. మెత్తని మజ్జిగన్నం కొంచెం తిని పైడితల్లి చాలంది. నూకరత్నం చెయ్యి కంచంలోకి వెళ్ళబోయి ఆగింది. ఆమె పిల్ల మూతి కడిగింది.

సాయంత్రం ఫోను మోగింది. బోటు క్షేమంగా ఒడ్డుకు చేరిందట. ఎర్రయ్య ఎప్పటిలాగే ముందు పిల్ల తిన్నదా అని అడిగాడు.

"ఆకలున్నంత తిన్నాది" అంది నూకరత్నం.

నీతి: ప్రేమతో పెట్టినా సరే, ఆకలి తీరాక తినే ముద్ద ఒంటికి చేటే, బిడ్డ చాలన్నప్పుడు ఆ మాట వినాలి.