తవిటయ్య బంతి

అనగనగా, సముద్రం ఇంకా గవ్వలపేటకి కోసెడు దూరంలో ఉన్న కాలంలో, ఆ పేటలో తవిటయ్య అని ఒకడుండేవాడు. ఒడ్డున నిలబడి, నీటి రంగు చూసి, చేపల గుంపు ఎటు తిరుగుతుందో చెప్పడం అతని పని. అతను చెయ్యి ఎటు చూపితే పడవవాళ్ళు అటు వల వేసేవాళ్ళు. వల ఖాళీగా వచ్చిన రోజు లేదు. నడక మాత్రం మహా నింపాది. ఇల్లు తగలబడుతోందన్నా పంచె సర్దుకుని బయల్దేరే రకం.

ఏ ఓడవాళ్ళో వదిలేసిపోయిన తోలుబంతి పుణ్యమా అని ఆ తీరంలో బంతాట పుట్టింది. ఏటా గంగమ్మ పండగ మర్నాడు, నీళ్ళు వెనక్కి తగ్గి ఇసుక బయటపడగానే, గవ్వలపేటకీ ఏటి అవతలి మొగపేటకీ పోటీ. ఆటగాళ్ళని ఎంచడానికి కులపెద్ద సింహాద్రి ఇసుకలో ఒక తెడ్డు పాతేవాడు. పరిగెత్తి ముందుగా తెడ్డు ముట్టుకున్న పదకొండు మందే ఆటగాళ్ళు.

తవిటయ్యకి ఉన్నది ఒక్కటే కోరిక. ఒక్కసారి తన పేట తరఫున ఆ బంతి తన్నాలి.

మీసం మొలిచిన ఏడు పరిగెత్తాడు. ఆఖరున వచ్చాడు. ఒడ్డున కూచున్నాడు.

పెళ్ళయిన ఏడు పరిగెత్తాడు. ఆఖరున వచ్చాడు. ఒడ్డున కూచున్నాడు.

తల నెరిసిన ఏడూ పరిగెత్తాడు. ఆఖరున వచ్చాడు. ఒడ్డున కూచున్నాడు. మధ్య ఏళ్ళూ అంతే, అన్నీ చెప్తే మీకు నిద్ర ముంచుకొస్తుంది.

ప్రతి ఏడూ గవ్వలపేట ఓడిపోయేది. పదకొండు మందీ గాలిలా ఉరికేవాళ్ళు, బంతి ఎక్కడుంటే అందరూ అక్కడికే! ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళకి అడ్డం. ఒడ్డున తవిటయ్య కుడికాలు దానంతట అదే కదిలేది. "అక్కడ కాదురా, అక్కడ కాదు," అని గొణిగేవాడు. అది విని అతని భార్య నూకాలుకి ప్రాణం ఉసూరుమనేది.

"ఈ యేడూ పరిగెడతావేటి మావా? ఊరంతా నవ్వుతారు."

"నవ్వనీయే. ఎప్పటికైనా పిలవరా ఏటి?"

ఆ ఏడు పేటలో జ్వరాలు. సగం మంది మంచం పట్టారు. తెడ్డు దగ్గరికి వచ్చిందే పదకొండు మంది. తవిటయ్య పరిగెత్తాడు. ఆఖరున వచ్చాడు. సింహాద్రి నసుగుతూ, "తవిటయ్యా, నువ్వూ రా," అన్నాడు. తవిటయ్య కళ్ళు తుడుచుకుంటూ బరిలోకి నడిచాడు.

"పరిగెత్తు బావా!" అని అరిచాడు అప్పన్న. పేటలో అందరికన్నా వేగంగా పరిగెత్తేది వాడే. తవిటయ్య కదల్లేదు. బంతి వచ్చి అతని కాళ్ళ దగ్గరే పడింది. అదృష్టం అన్నారు. రెండోసారీ అతని దగ్గరికే వచ్చింది. మూడోసారి బంతిని కాలికింద ఆపి, తలెత్తి చూసి, ఖాళీ ఇసుకలోకి తన్నాడు.

"అక్కడెవరూ లేరు!" అని పేటంతా ఘొల్లుమంది.

తవిటయ్య అప్పన్నకి అటు చెయ్యి చూపాడు, పడవవాళ్ళకి చూపినట్టే. అప్పన్న ఉరికాడు. బంతీ అతనూ ఒక్కసారే చేరారు. మొగపేటవాళ్ళు ఇటు తిరిగేలోపు బంతి వాళ్ళ వైపు గురిగా పాతిన రెండు వెదుళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. గవ్వలపేట మొదటిసారి గెలిచింది.

"బంతి అటు ఎందుకు తన్నేవు బావా?"

"సేప ఉన్న కాడ వల ఎయ్యకూడదురా. వచ్చే కాడ ఎయ్యాల. నీ కాళ్ళు నాకుంటేనా..."

"నీ కళ్ళు నాకుంటేనా," అన్నాడు అప్పన్న.

"వచ్చే యేడు నీకు పరుగు లేదు. ముందు నీ పేరే పిలుస్తాను," అన్నాడు సింహాద్రి.

ఆ మాట పట్టుకుని తవిటయ్య ఏడాదంతా బతికాడు. "పండగ ఇంకెన్నాళ్ళే?" అని రోజూ నూకాలుని అడిగేవాడు. వానల్లో దగ్గు పట్టుకుంది. మంచంలోంచీ అదే అడిగాడు.

"పదిరోజులే మావా," అంది నూకాలు. ఆ పదిరోజులు అతనికి దక్కలేదు.

పండగ మర్నాడు సింహాద్రి మాట తప్పలేదు. "తవిటయ్యా!" అని పిలిచాడు. అప్పన్న బంతిని మెల్లగా, తవిటయ్య నిలబడిన చోటికి తన్నాడు. ఎవరూ దాని వెంట పోలేదు. బంతి దొర్లి దొర్లి ఆగింది. అప్పుడు ఒడ్డునుంచి నూకాలు అంది, "వచ్చాడు. ఆడండి."

ఆ ఇసుకని సముద్రం ఎప్పుడో మింగేసింది. ఆట దిబ్బల వెనక్కి జరిగింది. ఇప్పటికీ మొదటి పేరు తవిటయ్యదే. మొదటి బంతి ఖాళీ చోటికే. అది ఆగి, ఒడ్డునుంచి ఒక ఆడమనిషి "వచ్చాడు" అనేదాకా ఆ పేటలో ఎవరూ పరుగు మొదలుపెట్టరు.