మూలన ఎర్ర ఇంటూ

గురువుగారికి కుళ్లు పుట్టిందని హిమజ అనుమానం.

రొమ్ము క్యాన్సర్ చంకలోని గ్రంథులకు పాకిందో లేదో, కొయ్యకుండానే స్కాన్ ఫిల్మ్ చూసి చెప్పే ప్రోగ్రామ్ తయారుచేసిందామె. ఆస్పత్రిలోని పాత ఫిల్ములన్నీ చూపించి దానికి నేర్పింది. పదింట తొమ్మిదిసార్లు సరిగ్గానే చెబుతోంది. అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు పని నేర్పిన పెద్ద సర్జన్ కోదండపాణి మాత్రం పెరుగన్నంలో వెంట్రుక తగిలినట్టు మొహం పెట్టారు.

"అది తప్పిన కేసులు చూశానమ్మా. అన్నీ నేనూ తప్పినవే. తనకంటూ ఒక్క సొంత తప్పయినా లేదేం?"

"అంటే మీ అంతదైందని కదా సార్!"

"అదే నా భయం."

ఆ రోజు జైతూన్‌బీ ఆపరేషన్. జరీ కుట్టి బతికే మనిషి. గ్రంథులన్నీ తీసేస్తే చెయ్యి వాచిపోవచ్చు. వదిలేస్తే జబ్బు లోపలే మిగిలిపోవచ్చు. "సూది పట్టలేకపోతే నేనేం తిని బతకాలి డాక్టరమ్మా?" అని పొద్దున్నే అడిగింది.

ప్రోగ్రామ్ "పాకలేదు" అంది. ఇంకేం, జబ్బు పాకితే ముందుగా చేరే గ్రంథిని తీసి పరీక్షకు పంపే పని కూడా తప్పిందని హిమజ ధీమా.

"ఆవిడ ఫిల్మ్ ఇలా ఇవ్వు," అన్నారు కోదండపాణి.

జేబులోంచి ఎర్ర మార్కర్ తీసి, ఫిల్మ్ మూలన చిన్న ఇంటూ కొట్టారు. కొత్తేం కాదు. రోగి చంక నొక్కి చూశాక అనుమానం తగిలితే, ఆ ఫిల్మ్ మూలన అలా కొట్టడం ఆయనకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఈవిడను మాత్రం ఆయనింకా చూడనే లేదు.

"ఇప్పుడు అడుగు."

హిమజ నవ్వు ఆపుకుంటూ ఫిల్మ్‌ను మళ్లీ కంప్యూటర్‌కి ఎక్కించింది.

"పాకింది."

దూదికి స్పిరిట్ అద్ది ఆ గుర్తు తుడిచింది. మళ్లీ ఎక్కించింది.

"పాకలేదు."

ఆపుకున్న నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

"నన్నడగడానికి ఇంత చుట్టుతిరుగుడు దేనికమ్మా?" అన్నారాయన, మార్కర్‌కి మూత పెడుతూ. "పక్క గదిలోనే ఉంటానుగా."

"పోనీ మీరే చూసి చెప్పండి సార్. పాకిందా?"

"నేను తప్పినవి కూడా చూశావుగా."

హిమజ కంప్యూటర్ కట్టేసింది. థియేటర్‌కి ఫోన్ చేసింది.

"సిస్టర్, జైతూన్‌బీకి ముందు ఆ మొదటి గ్రంథి తీసి పరీక్షకు పంపుతున్నాం. అన్నీ సిద్ధం చెయ్యండి."