వాన తగ్గిందో లేదో చూసొద్దాం

తెలివంటే తమదే తెలివి అనుకునే అన్నదమ్ములు ముగ్గురుండేవారు. పోలయ్య, గున్నయ్య, పైడయ్య. ఊళ్ళో వాళ్ళు తమను చూసి నవ్వితే, "పాపం, మన తెలివికి ఓర్వలేకపోతున్నారు" అని జాలిపడేవారు.

వాళ్ళ ఒక్కగానొక్క చెల్లెలు నీలవేణిని విశాఖపట్నంలో ఇచ్చారు. బస్సులో రెండు గంటల దూరం. ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆదివారం పది గంటలకు బారసాల. పాపను మేనమామే ఉయ్యాల్లో వెయ్యాలని ఆ ఇంటి ఆనవాయితీ. గురువారం పొద్దున నీలవేణి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీరు రాకపోతే మా అత్త తన తమ్ముడి చేత వేయించేస్తాదట. పుట్టింటోళ్ళు లేరా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇక్కడ ఒకటే వానలు. వాన తగ్గాక బయల్దేరండి."

"నీ మాట జవదాటం తల్లీ" అన్నాడు పెద్దవాడు పోలయ్య.

ముగ్గురూ బట్టలు సర్దుకుని అరుగు మీద కూర్చున్నారు. ఎండ మాడ్చేస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఇంకా ఎల్లమేటన్నయ్యా?" అన్నాడు చిన్నవాడు పైడయ్య.

"బుర్ర లేని మాటలాడకు. వాన తగ్గాక కదా బయల్దేరమంది! తగ్గాలంటే ముందు పడాల కదా."

సాయంత్రం దాకా పడలేదు. ఇంకేముంది, గున్నయ్య ఇంటి పైకెక్కి పెంకులు తొలగించుకుంటూ బిందెలతో నీళ్ళు కుమ్మరించాడు. కింద గొడుగేసుకుని నిలబడ్డ పోలయ్య, "జోరు పెంచరా, ఇది జల్లే!" అని కేకలు. ఇల్లంతా కారింది. బస్తాలో బియ్యం నానిపోయాయి. సంగతి విని పక్కింటి సూరమ్మ నెత్తి బాదుకుంది.

"ఓరి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది చెప్పింది విశాఖపట్నంలో వాన సంగతిరా!"

గున్నయ్య పెంకుల మీంచి గబగబా దిగొచ్చాడు.

"ఐతే ఫోన్ చేసి అడుగుదాం" అన్నాడు గున్నయ్య.

"ఫోన్‌లో వాన కనబడతాదేట్రా? కళ్ళతో సూడాల" అన్నాడు పోలయ్య.

అంతే. శుక్రవారం పొద్దున్నే పైడయ్య బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాడు. చూస్తే వాన తగ్గింది. సంబరంగా తిరుగు బస్సెక్కి ఇంటికొచ్చి, "తగ్గిపోయింది, పదండి!" అన్నాడు. ముగ్గురూ ఇంటికి తాళమేసి పరుగున బయల్దేరారు. విశాఖపట్నంలో దిగేసరికి కుండపోత.

"అయ్యయ్యో, తగ్గకుండానే వచ్చేశాం. చెల్లి మాట తప్పాం" అని పోలయ్య లెంపలేసుకున్నాడు. తిరుగు బస్సెక్కారు.

శనివారం గున్నయ్య వెళ్ళి చూశాడు. తగ్గింది. ఇంటికొచ్చి చెప్పాడు. ముగ్గురూ వెళ్ళారు. మళ్ళీ వాన, మళ్ళీ ఇంటికి. కండక్టరుకి తల తిరిగిపోయింది. "మీకు పట్నంలో పనా, బస్సులో పనా?" అని అడిగేశాడు.

పోలయ్య ఆలోచించాడు. "ఒకడు సూస్తే చాలదు. ముగ్గురం సూడాల. అదీ బస్టాండు కాడ కాదు, చెల్లి ఇంటికాడ తగ్గాల." ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడో అని తమ్ముళ్ళు మురిసిపోయారు.

ఆదివారం తొమ్మిదిన్నరకల్లా ముగ్గురూ నీలవేణి గుమ్మం ముందున్నారు. చినుకు లేదు. రెండ్రోజులుగా ఎదురుచూసి ఏడ్చి ఏడ్చి ఉన్న నీలవేణికి వాళ్ళను చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"వచ్చారా అన్నయ్యా!"

"లేదమ్మా, ఇంకా బయల్దేరలేదు. వాన తగ్గిందో లేదో సూద్దామని వచ్చాం. తగ్గింది. ఇంటికెళ్ళి బయల్దేరతాం."

నీలవేణి గబుక్కున పాపను తెచ్చి పోలయ్య చేతిలో పెట్టబోయింది. ఆయన చేతులు వెనక్కి లాగేసుకున్నాడు.

"తప్పమ్మా! మేనమామలు కదా వెయ్యాల. ఆళ్ళింకా బయల్దేరనే లేదు!"

లోపల అత్తగారి తమ్ముడు అప్పుడే పట్టుపంచె సవరించుకుంటున్నాడు. నీలవేణికి ఏడుపొచ్చింది. కానీ ఆమె ఈ ముగ్గురితోనే కదా పెరిగింది! కళ్ళు తుడుచుకుని వేలు పెట్టి చూపించింది.

"అన్నయ్యా, ఈ వీధి చివరే మన ఊరనుకోండి. ఆ నీలం తలుపులిల్లే మనిల్లు. అక్కడికెళ్ళి బయల్దేరి రండి, గబగబా!"

ముగ్గురూ పరుగో పరుగు. ఐదు నిమిషాల్లో రొప్పుకుంటూ తిరిగొచ్చారు.

"వచ్చేశాం చెల్లీ! వాన తగ్గాకే బయల్దేరాం!"

పది కొట్టేసరికి పోలయ్య పాపను ఉయ్యాల్లో వేశాడు. పాప ఆయన మీసం పట్టుకుని వదల్లేదు. నీలవేణి నవ్వుతూనే ఏడ్చేసింది. అన్నయ్యలు ఎలాంటి వాళ్ళైనా అన్నయ్యలే. అత్తగారి తమ్ముడు మాత్రం మూతి ముడుచుకుని విస్తరి ముందు కూర్చున్నాడు.

వడ్డన మొదలైంది. అంతలో వీధి చివర ఒకటే గోల. ఎవరో తలుపులు దబదబా బాదుతూ "తియ్యండి బాబోయ్!" అని అరుస్తున్నారు.

"ఏటన్నయ్యా ఆ గోల?" అంది నీలవేణి.

పోలయ్య జేబులోంచి తాళంచెవి తీసి గర్వంగా చూపించాడు. "పొద్దున బయల్దేరలేదు కదా, తాళం సంచిలోనే ఉండిపోయింది. ఇందాక నిజంగా బయల్దేరాం కదా, మనింటికి తాళమేసే వచ్చాం."

గున్నయ్య చెవులు రిక్కించాడు. "అన్నయ్యా, మనింట్లో ఎవరో ఉన్నారు!"

"దొంగలే!" అన్నాడు పోలయ్య. "తాళమేశాం కాబట్టి దొరికారు. ఎక్కడికీ పోలేరు గాని, ముందు ఆ నెయ్యి ఇలా వెయ్యండి. తిన్నాక పోలీసుల్ని పిలుద్దాం."