ఉద్దండవర్మ తాళాల యంత్రం

తాళంకప్పలకు పేరుమోసిన రాజ్యం ఒకటి ఉండేదిలెండి. దాన్నేలే ఉద్దండవర్మకు తనంతటి తెలివైనవాడు పుట్టలేదని గట్టి నమ్మకం.

కమ్మరిబడిలో విద్యార్థులు చేసిన తాళాలను పరీక్షించడానికి ఆయన ఒక యంత్రం కట్టించాడు. నీటిచక్రం తిరుగుతుంటే నూరు దొంగతాళంచెవులు ఒక్కొక్కటే వచ్చి తాళాన్ని తెరవబోయేవి. ఏదీ తెరవలేకపోతే తెల్లజెండా. తెరిచినా, అసలు లోపలికి దూరకపోయినా ఎర్రజెండా. ఎర్రజెండా లేస్తే సుత్తి అప్పగించి ఇంటికి పోవాల్సిందే.

ఆ ఏడు మల్లసాని చేసిన తాళానికి ఎర్రజెండా లేచింది. వాన నీళ్లు లోపలికి పోకుండా చెవి దూరే బెజ్జం అడుగున పెట్టింది పాపం. యంత్రమేమో ఎదురుగా పొడిచింది.

"ఒక్కసారి తిప్పి పెట్టించండి ప్రభూ! ఈ పని తప్ప నాకింకోటి రాదు" అని ఏడ్చింది.

"యంత్రం చెప్పాక ఇంకేముంది?" అని రాజు సుత్తి లాగేసుకున్నాడు.

తెల్లజెండా లేచిన మరో తాళాన్ని ముచ్చటపడి తన కిరీటం పెట్టెకే వేసుకున్నాడు.

మర్నాడు కొలువు వేళకు దానితోపాటు వచ్చిన తాళంచెవి పెట్టి తిప్పితే, అది గిరగిరా తిరిగిందే గాని తాళం రాలేదు. కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. రాజుకు ఏమీ పాలుపోలేదు. తాళం చెడ్డదా? నూరింటికీ నిలబడిందే! పోనీ యంత్రం తప్పా? అది నాదే కదా! చేసేదిలేక తలకు తువ్వాలు చుట్టుకుని కొలువుకు వచ్చాడు.

విదూషకుడు ఓబన లేచి దండం పెట్టాడు. "ఆ తాళం నాదే ప్రభూ. విద్యార్థుల తాళాల్లో కలిపేశాను."

"నీకు కమ్మరిపని ఎప్పుడొచ్చిందిరా?"

"రాదు ప్రభూ. ఇనపముద్దకు ఎదురుగా బెజ్జం పెట్టించాను. కొక్కెం లోపలికి పోతుంది, బయటికి రాదు."

"మరి తెరిచేదెలా?"

"మీ యంత్రం ఆ మాట అడగలేదే!"

రాజు తువ్వాలు మీదుగా తల గోక్కున్నాడు. "అయితే ఇది మంచి తాళమా, కాదా?"

"భేషైన తాళం ప్రభూ! మీ కిరీటం ఏ దొంగకూ దొరకదు. మీకు కూడా."

సభ గొల్లుమంది. రాజు ముందు ఉరిమి చూశాడు, ఆపైన ఆగలేక తనూ పకపకా నవ్వాడు. మల్లసానిని పిలిపించి, ఆమె తాళాన్ని తిప్పి పెట్టించాడు. ఒక్క దొంగతాళంచెవికీ లొంగలేదు, ఆమె తాళంచెవికి మాత్రం టక్కున తెరుచుకుంది. సుత్తి తిరిగిచ్చాడు. ఆ సుత్తితోనే ఆమె ఇనపముద్ద తాళం పగలగొట్టి కిరీటం పెట్టె తెరిచింది.

ఓబనకు పట్టుశాలువా ఇచ్చాడు రాజు. పెట్టెలో పెట్టి, దానికి మరో ఇనపముద్ద తాళం వేయించి మరీ ఇచ్చాడు.

ఓబన పెట్టె నెత్తికెత్తుకున్నాడు. "అమ్మా మల్లసానీ, ఆ సుత్తి ఒకసారి ఇటు తేమ్మా!"